సమాధానం: డిసెంబరులో రాజమండ్రి నుంచి అంతర్వేదికి మూడు రోజుల సైకిల్ యాత్ర

చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి ఎక్కకుండా కోనసీమ చూడాలన్నారు కదా, ఆ హైవేని రావులపాలెం దగ్గర దాటితే చాలు.

మొదటి రోజు ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి, కాలువ గట్టు రోడ్డు పట్టండి. ఆత్రేయపురం, ర్యాలి మీదుగా కొత్తపేట, అమలాపురం. సుమారు 70 కిలోమీటర్లు, ఎత్తుపల్లాలు లేవు. శనివారం మాత్రం బయల్దేరకండి: వాడపల్లి వెంకన్న దర్శనానికొచ్చే వాహనాలతో ఆ ఇరుకు రోడ్డు నిండిపోతుంది. పూతరేకులు ఆత్రేయపురంలోనే కొనుక్కోండి, కానీ సంచిలో అన్నిటికంటే పైన పెట్టాలి.

రెండో రోజు పి.గన్నవరం అక్విడక్టు (నది మీదుగా కాలువను దాటించే వంతెన), రాజోలు, అంతర్వేది. మూడో రోజు సఖినేటిపల్లి రేవులో పంటు (సైకిళ్లనూ ఎక్కించుకునే రేవు పడవ) ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే నర్సాపురం. రైలుకి సైకిళ్లు బుక్ చేయాలంటే లగేజీ వ్యాన్ ఉన్న రైలేదో పార్సిల్ ఆఫీసులో ముందే కనుక్కోండి.

మీరు అడగని అసలు చిక్కు ఒకటుంది. డిసెంబరులో వరి కోతలు. రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, దాని మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. ముందే వేగం తగ్గించి పక్కనుంచి వెళ్లండి, రైతు ధాన్యం తొక్కకండి. గడ్డిపోచలు వెనక గేరులో చుట్టుకుంటే తొక్కడం ఆపి చేత్తో లాగేయాలి. బలవంతంగా తొక్కితే హ్యాంగర్ (వెనక గేరును ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) వంగుతుంది. స్పేరు హ్యాంగర్ ఒకటి, మనిషికి రెండు ట్యూబులు పెట్టుకోండి. 35 మి.మీ. టైర్లకు 50–60 పీఎస్ఐ గాలి సరిపోతుంది. తెల్లవారుజామున మంచు దట్టంగా ఉంటుంది, వెనక ఎర్రలైటు లేకుండా కదలొద్దు.