ఇల్లు దాటిన పాత్రలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంట్లోంచి వెళ్లిపోయే పాత్రలతో కథలు, సీరియల్ నవలలు రాస్తున్నవాళ్లు సందేహాలుంటే పంపమని గత సంచికలో అడిగాం. ఎక్కువ ఉత్తరాలు గోదావరి జిల్లాల కథల మీదే వచ్చాయి.

ప్రశ్న: మా అమ్మమ్మగారిది సఖినేటిపల్లి దగ్గర పల్లె. నేను హైదరాబాదులో పెరిగాను. నా నవలిక 1975లో కోనసీమలో జరుగుతుంది. కథానాయిక అర్ధరాత్రి అమలాపురం స్టేషన్‌లో రైలెక్కి వెళ్లిపోతుంది. "అమలాపురంలో రైలెక్కడిది?" అని పత్రికవాళ్లు తిప్పి పంపారు. ఇప్పుడు ఆమెను ఎలా దాటించాలి?

వాళ్లు తిప్పి పంపడం న్యాయమే. 1975లో అమలాపురానికి రైలు లేదు. పోనీ కోటిపల్లి వైపు వెళ్దామంటే, కాకినాడ–కోటిపల్లి పట్టాలు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లోనే పీకేశారు. మళ్లీ బండి నడిచింది 2004లో. కోనసీమకు అటు గౌతమి, ఇటు వసిష్ఠ, కింద సముద్రం, నడుమ వైనతేయ. మీ అమ్మాయి ముందు ఏరు దాటాలి, రైలు సంగతి ఆ తర్వాతే.

దారి మీ అమ్మమ్మగారి ఊరి పక్కనే ఉంది. సఖినేటిపల్లి రేవులో ఎక్కితే అవతలి ఒడ్డు నరసాపురం, అక్కడ రైల్వే స్టేషన్. అయితే అర్ధరాత్రి మాత్రం మానుకోండి. పొద్దుగూకాక రేవులో జనం పలచబడతారు. ఆపైన దాటాలంటే పడవవాణ్ణి విడిగా బతిమాలుకోవాలి. అలా బతిమాలుకుంటే ఆమె చేతులారా ఒక సాక్షిని తయారుచేసుకున్నట్టే. పట్టపగలు దాటినా చిక్కు తప్పదు. "ఏంటండీ అమ్మాయిగారూ, ఒక్కరే ఎల్తన్నారు? నాన్నగారు రాలేదాండీ?" అని రేవులో ఎవరో ఒకరు అడక్కుండా ఉండరు. ఆ ప్రశ్నకు ఆమె దగ్గర ఏ జవాబు ఉందన్నది ఈ ఘట్టానికి గుండెకాయ. కుక్కలు మొరగడం, గోడ దూకడం, తలుపు కిర్రుమనడం కోసం ఖర్చుపెట్టిన రెండు పేజీలూ దీనికి కేటాయించండి.

జనంలో కలిపేయాలంటే అంతర్వేది తీర్థం వాడుకోండి. భీష్మ ఏకాదశినాడు రథోత్సవం చూసి తిరిగొచ్చే జనంతో రేవు కిటకిటలాడుతుంది, ఒంటరి ఆడపిల్ల ఎవరి కంటా ప్రత్యేకంగా పడదు. కాకపోతే ఆ రాత్రిని "కటిక చీకటి" అని రాశారో, పంచాంగం చూసే పాఠకులు ఊరుకోరు. మాఘ శుద్ధ ఏకాదశి చంద్రుడు ఇంచుమించు తెల్లవారుజాము మూడింటి దాకా ఆకాశంలోనే ఉంటాడు.

నీటి సంగతి కూడా చూసుకోవాలి. నరసాపురం సముద్రానికి దగ్గర కాబట్టి వసిష్ఠకు అక్కడ పోటూ పాటూ ఉంటాయి. రోజుకు రెండేసి సార్లు, ఇవాళ్టి మీద రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. పాటు మీద నీరు లాగేశాక గట్టుకూ పడవకూ మధ్య బురదలో దిగి నడవాలి. చీలమండ దాకా అంటిన ఆ బురద బండి ఎక్కేసరికి ఎండి, పెచ్చులుగా రాలుతుంది. ఎదురు బల్ల మీద కూర్చున్న పెద్దావిడ ముందు చూసేది ఆ పాదాలనే, ఆ తర్వాతే మొహం.

ఇంకొకటి. నరసాపురం లైనుకు ఆఖరి స్టేషన్. బండి అక్కడే పుట్టి అక్కడే బయల్దేరుతుంది. కదులుతున్న రైలు వెంట పరుగెత్తించడం కంటే, ముందుగా వచ్చి ఖాళీ పెట్టెలో కూర్చోబెట్టండి. బండి ఇంకా కదలదు, ప్లాట్‌ఫాం మీద తెలిసినవాళ్లు తిరుగుతుంటారు. కథకు కావలసిన ఉత్కంఠ అంతా ఆ ఎదురుచూపులోనే దొరుకుతుంది.

వానాకాలంలో పెట్టాలనుకుంటే వరద లెక్క తెలిసుండాలి. ఇప్పటి లెక్క ప్రకారం ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఏరు అలా పొంగినప్పుడు రేవులు ఆపేస్తారు. పారిపోవాల్సిన పిల్ల అవతలి ఒడ్డు చూస్తూ ఇంట్లో ఇరుక్కుపోవడం కూడా మంచి కథే. పాతకాలం కథలో కాలువ పడవ వాడేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి: వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. నడివేసవిలో నిండు కాలువ మీద పడవ ప్రయాణం నడవదు.

ప్రశ్న: పదహారు వారాల సీరియల్‌లో ఇల్లు వదిలే ఘట్టం ఎన్నో వారంలో రావాలి? (పాలకొల్లు నుంచి)

మీ కథ దారి గురించా, దారి తర్వాతి బతుకు గురించా? ముందు అది తేల్చుకోండి. చలం 'మైదానం' (1927)లో రాజేశ్వరి అమీర్‌తో వెళ్లిపోవడం మొదట్లోనే అయిపోతుంది, పుస్తకమంతా ఆ తర్వాత నడిచేదే. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం (1924) దీనికి తిరగేసిన పద్ధతి. మొగల్తూరు కుర్రాడు ఇంగ్లండు చేరడానికి పడే పాట్లే అందులో వినోదం. రాజేశ్వరి దారి మీదైతే రెండో వారం దాటనివ్వకండి. పార్వతీశం దారి మీదైతే మొదటి వారమే గడప దాటించండి. ఎనిమిది వారాలు "వెళ్దామా, వద్దా" అని ఊగించేవే మాకు ఎక్కువగా వస్తుంటాయి, అవి మూడో వారానికే చప్పబడతాయి.

ప్రశ్న: నా నాయకుడు సినిమాల్లో చేరాలని 1956లో మద్రాసు పారిపోతాడు. చేతిలో డబ్బు లేదు, తల్లి గొలుసు తీసుకెళ్లి అమ్ముకుంటాడు. ఇది నమ్మకంగా లేదని మిత్రులంటున్నారు. (భీమవరం నుంచి)

గొలుసుతో చిక్కేమీ లేదు, అమ్మకం మరీ సులువుగా అయిపోవడమే చిక్కు. గోదావరి జిల్లాల్లో కాసంటే 8 గ్రాములు. నాలుగు కాసుల గుండ్లపేరు తీసుకెళ్తే నాలుగు కాసుల డబ్బు చేతికి రాదు. బోలు గుండ్లలో లక్క నింపి ఉంటుంది. కంసాలి దాన్ని కరిగించి, లక్క పోగా మిగిలినది తూచి, తరుగు తీసి, అప్పుడు ధర కడతాడు. ఇంట్లో అందరూ నాలుగు కాసులనుకునే నగ తూకంలో ఎంత తగ్గిందో చూసి కుర్రాడు కంగుతినడం మంచి సన్నివేశం. పైగా ఇరవై ఏళ్లవాడు ఆడవాళ్ల నగ తెస్తే "ఎవరిది బాబూ?" అని కొట్టువాడు అడుగుతాడు. సొంతూళ్లో తాకట్టు పెడితే సాయంత్రానికల్లా ఇంటికి కబురు. మద్రాసులో అమ్మితే భాష రాక, బేరం తెలియక సగానికి సగం పోతుంది. ఏదో ఒకటి ఎంచుకోండి, ఏదైనా నష్టం చూపించండి.

డబ్బు లెక్క ఒక కాగితం మీద విడిగా వేసుకోండి: రైలు టికెట్టు, మొదటి రాత్రి పడక, రోజుకు రెండు పూటల తిండి, స్టూడియోల చుట్టూ తిరగడానికి బస్సు చార్జీలు, ఉత్తరానికి కార్డు. చేతి సొమ్ము ఏ రోజుతో అయిపోతుందో ఆ రోజు కథ మలుపు తిరగాలి. 1956 కాబట్టి అణాలే రాయండి. పదహారణాల రూపాయి పోయి నూరు నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. మీ రాతప్రతిలో అతను "యాభై పైసల" ఇడ్లీ తిన్నాడు.

కాలాన్నిబట్టి ఊరు కూడా మారుతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందైతే కాకినాడ నుంచి స్టీమరెక్కి రంగూన్, తర్వాత మద్రాసు, సినిమా పరిశ్రమ తరలి వచ్చాక హైదరాబాదు, ఇంకా ఇటీవలైతే గల్ఫ్. గల్ఫ్ కథలో చెప్పాపెట్టకుండా మాయమైపోవడం కష్టం. పాస్‌పోర్టు, వీసా, ఏజెంటు అంటూ నెలలు పడుతుంది.

ప్రశ్న: ప్రేమికులు పొద్దున్నే పారిపోయి మధ్యాహ్నానికి రిజిస్టరు పెళ్లి చేసుకున్నారని రాశాను. తప్పా? (రావులపాలెం నుంచి)

తప్పే, సినిమాలు అలవాటు చేసిన తప్పు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద ముందు నోటీసు ఇవ్వాలి. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి. ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు. 30 రోజుల్లో అభ్యంతరాలు రాకపోతేనే పెళ్లి, దానికి ముగ్గురు సాక్షులు. ఆ ముప్పై రోజులూ మీకు బంగారం. నోటీసు బోర్డు ముందు ఎవరెవరు ఆగి చదువుతారో ఆలోచించండి.

ఒక్కరోజులో కావాలంటే, ఇద్దరూ హిందువులైతే, గుళ్లో పెళ్లి చేసుకుని తర్వాత హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయించుకోవచ్చు. వయసు కూడా చూసుకోండి. అమ్మాయికి 18, అబ్బాయికి 21 అన్న నియమం 1978 సవరణతో వచ్చింది. అంతకుముందు చట్టంలో ఉన్నది 15, 18. అమ్మాయికి 18 నిండకుండా అబ్బాయి వెంట వెళ్తే, ఆమె ఇష్టపడే వెళ్లినా, అతని మీద కిడ్నాప్ కేసు పడుతుంది.

ప్రశ్న: సెల్‌ఫోన్లు వచ్చాక ఇలాంటి కథలు రాయడం కుదరదంటారా? (తణుకు నుంచి)

కుదురుతుంది, కాస్త పని పెరిగిందంతే. ఫోను ఆపేయడం ఒక్కటే చాలదు. లాడ్జీలో గుర్తింపు కార్డు అడుగుతారు, ఫోన్‌పేతో టీ తాగినా జాడ మిగులుతుంది, ఏటీఎంలో డబ్బు తీస్తే ఊరితో సహా తెలిసిపోతుంది. పాత్ర చేతికి నోట్లివ్వండి. అవి ఎప్పుడు, ఎలా కూడబెట్టిందో రెండు అధ్యాయాల ముందే చూపించండి.

ప్రశ్న: భర్త ఇల్లు వదిలి కాశీ వెళ్లిపోయాడు. ఏడేళ్లు గడిచాయి కాబట్టి భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటుంది. తొమ్మిదో ఏట అతను తిరిగొస్తాడు. చట్టం ఒప్పుకుంటుందా? (రాజమహేంద్రవరం నుంచి)

ఏడేళ్లపాటు మనిషి ఊసు, అతని గురించి తెలిసి ఉండాల్సినవాళ్లకు కూడా, అందకపోతే చనిపోయినట్టు భావించవచ్చని సాక్ష్య చట్టంలో ఉంది. ఏ రోజున చనిపోయాడన్నది మాత్రం ఆ భావనలోంచి రాదు, తేదీ కావలసినవాళ్లు విడిగా రుజువు చేసుకోవాలి. ఆస్తి పంపకం మీ కథలో ఉంటే తగాదా అక్కడే పుడుతుంది. బీమా ఉంటే, ఆ ఏడేళ్లూ పాలసీ ఆగిపోకుండా ప్రీమియం కట్టుకుంటూ ఉండాల్సి వస్తుంది. లేని మనిషి పేర రసీదులు తెచ్చుకునే ఆవిడ చేతిలో మీకు మంచి ఘట్టముంది.

పెళ్లి సంగతికొస్తే, ఏడేళ్లు నిండగానే మొదటి పెళ్లి దానంతటదే తెగిపోదు. ఏడేళ్లుగా బతికున్న కబురు లేదన్న కారణంతో హిందూ వివాహ చట్టం కింద ఆమె విడాకులు తీసుకోవచ్చు. అతను సన్యాసం పుచ్చుకున్నాడని తెలిస్తే అది కూడా వేరే కారణంగా చట్టంలో ఉంది, దానికి ఏడేళ్లు ఆగక్కర్లేదు. డిక్రీ లేకుండా చేసుకుంటే, ఏడేళ్ల ఎడబాటుకు మినహాయింపు ఉంది కాబట్టి, కొత్తాయనకు ఆ సంగతి ముందే చెప్పి ఉంటే ఆమెకు శిక్ష పడదు. కానీ మొదటివాడు ప్రాణాలతో గుమ్మంలోకొచ్చాడంటే రెండో పెళ్లి చెల్లదు. మీ తొమ్మిదో ఏటి రాక పేలాలంటే ఆమెను కోర్టుకు పంపకండి. ఆమెను ఒడ్డున పడేయాలంటే రెండో పెళ్లికి ముందే ఒక వకీలును కథలోకి తెచ్చి డిక్రీ ఇప్పించండి.