మోకాళ్ల నొప్పులుంటే ఐర్లాండ్ కోటలు చూడగలమా?

ప్రశ్న: మా అమ్మాయి డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నది. వచ్చే మే నెలలో మేమిద్దరం అక్కడికి వెళ్తున్నాము. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కనుక అక్కడి కోటలు చూడాలని ఉన్నది. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. అల్లుడు బ్లార్నీ కోట తప్పక చూడాలంటున్నాడు. వేటికి వెళ్లమంటారు? ఉత్తర ఐర్లాండ్‌కు కూడా పోవచ్చునా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: మాస్టారూ, దేవరకొండలోనైనా భువనగిరిలోనైనా కోటకు సగం బలం కొండదే కాబట్టి మన శ్రమంతా పైకి చేరడంలోనే ఉంటుంది. మీరు చూడదగిన ఐరిష్ కోటలు చాలావరకు నది ఒడ్డున, ఊరి నడుమ ఉంటాయి. గుమ్మం దాకా పోవడం తేలిక. ఇబ్బంది పెట్టేది గోడల మందంలో ఇమిడ్చి కట్టిన ఇరుకు చుట్టుమెట్లు.

బ్లార్నీలో ఆ ఇబ్బంది మరీ ఎక్కువ. 1446లో మెకార్తీ వంశీయులు కట్టిన ఆ బురుజులో నూటికి పైగా మెట్లెక్కి, పైన వెల్లకిలా పడుకొని, ఇనుప కడ్డీలు పట్టుకొని, తల వెనక్కి వాల్చి ఒక రాయిని ముద్దాడితే మాటకారితనం వస్తుందని నమ్మిక. నలభై ఏండ్లు పాఠం చెప్పిన వారికి అది కొత్తగా రావలసిన పని లేదు. అల్లుడు పైకి పోయివస్తాడు, మీరిద్దరూ కింది తోటల్లో తిరగండి.

చరిత్ర తెలిసిన కంటికి నా సలహా టిప్పరరీ జిల్లాలోని కాహిర్. డబ్లిన్ నుంచి కార్క్ పోయే దారిలో, ష్యూర్ నదిలోని రాతి దీవి మీద ఉన్నది. 1599లో ఇంగ్లిష్ సేనాని ఎసెక్స్ ప్రభువు ఫిరంగులతో ముట్టడించి పట్టుకున్నప్పుడు గోడలో దిగిన గుండు ఇప్పటికీ కనిపిస్తుంది. 1650లో ఇంగ్లిష్ సేనాని క్రామ్‌వెల్ సేన వచ్చినప్పుడు మాత్రం పోరు లేకుండానే లొంగిపోయింది. ఎందరో కోటలు పోగొట్టుకున్న ఆ కాలంలో కాహిర్ ఇంత నిండుగా మిగలడానికి ఆ లొంగుబాటే ముఖ్య కారణం.

డబ్లిన్‌కు దగ్గరలో, బోయిన్ నది ఒడ్డున ట్రిమ్ ఉన్నది. 1172లో ఇంగ్లండు రాజు రెండవ హెన్రీ నుంచి మీత్ ప్రాంతాన్ని పొందిన హ్యూ డి లేసీ మొదలుపెట్టగా కొడుకు వాల్టర్ పూర్తి చేశాడు. నడిమి కట్టడం సిలువ ఆకారంలో ఇరవై మూలలతో ఉంటుంది. దాని లోపలికి గైడ్ తోడుగానే పోవాలి, మెట్లూ ఉన్నాయి. ఆవరణలో నడిచి బయటి నుంచి చూసినా దాని రూపం తెలుస్తుంది.

మీ ఆవిడకు సుఖంగా ఉండేది కిల్కెన్నీ. 1391లో కొన్న బట్లర్ వంశం 1935 దాకా కాపురమున్న ఇల్లు గనుక మెట్లు వెడల్పు, గదుల్లో సామాను, చిత్తరువులు అమర్చి ఉంటాయి. 1967లో ఆ వంశీయులు దాన్ని యాభై పౌండ్లకు ఊరికి అప్పగించారు. డబ్లిన్ నుంచి రైలు ఉన్నది.

కాహిర్, ట్రిమ్, కిల్కెన్నీ ప్రభుత్వ నిర్వహణలోనివి. ఏడాదికి చెల్లే హెరిటేజ్ కార్డు మూడింటికీ పనికి వస్తుంది. బ్లార్నీ ప్రైవేటుది, టికెట్టు వేరు.

ఇక ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్ పాలనలోనిది. సరిహద్దు రోడ్డు మీద మామూలుగా తనిఖీ ఉండదు గాని, తనిఖీ లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. మీ ఐరిష్ వీసా మీద బీఐవీఎస్ (బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం) అనే అక్షరాలు ఉంటేనే కారిక్‌ఫెర్గస్, డన్‌లూస్ కోటలకు పోవచ్చు. అవి లేకపోతే బ్రిటన్ వీసా విడిగా తీసుకోవాలి.