‘పిల్లల జోకులు’ అంటే ఊరుకోవాలా?

ప్రశ్న: మా బాబు న్యూజెర్సీలో ఆరో గ్రేడ్. లంచ్‌లో పులిహోర డబ్బా తీస్తే చాలు, ఇద్దరు పిల్లలు ముక్కు మూసుకుని ‘కర్రీ స్మెల్’ అంటున్నారట. మూత తీయకుండానే ఇంటికి తెచ్చేస్తున్నాడు. టీచర్‌కి రాస్తే ‘పిల్లల జోకులు’ అన్నారు. మావారు పట్టించుకోవద్దంటారు. ఏం చేయాలి?
- ఒక తల్లి, ఎడిసన్

జవాబు: పిల్లాడు తిండి మానేశాక ఇంకా పట్టించుకోకపోతే ఎలా? ముందు, టీచర్‌కి ఏమని రాశారో చూసుకోండి. ‘మావాణ్ని ఏడిపిస్తున్నారు’ అని మాత్రమే రాస్తే స్కూలు దాన్ని మామూలు తగువు కింద జమకట్టి, ముగ్గుర్నీ కూర్చోబెట్టి చేతులు కలిపించి పంపేస్తుంది. తగువైతే రెండు వైపులా తప్పుంటుంది. ఇక్కడ మీవాడు చేసిందేమిటి? అలాంటి రాజీకి ఒప్పుకోకండి.

న్యూజెర్సీ చట్టం చూసేది ఎందుకు ఏడిపించారన్నది. జాతి, రంగు, పుట్టుపూర్వోత్తరాల వంటివి పట్టుకుని వేధించి, పిల్లాడి బడి జీవితానికి గట్టిగా అడ్డుపడితే అది ‘హెచ్ఐబీ’ (హరాస్‌మెంట్, ఇంటిమిడేషన్, బుల్లీయింగ్: వేధించడం, బెదిరించడం, ఏడిపించడం) కిందకి రావచ్చు. ఒక్కసారి జరిగినా సరే. అందుకని వాళ్ళన్న మాటలు అన్నట్టే రాయండి, మర్యాద కోసం మింగేయకండి. తేదీ, ఏ టేబుల్, ఎవరు విన్నారు, అన్నీ ఉండాలి. డబ్బా మూత తీయడం లేదన్న సంగతి తప్పకుండా రాయండి. అడ్డుపడిందనడానికి అదే ఆధారం. ఫోన్‌లో మెసేజ్‌లు వస్తే చెరిగిపోకముందే ఇంకో ఫోన్‌తో ఫొటో తీయండి.

‘హెచ్ఐబీ 338’ ఫారం స్కూల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ప్రిన్సిపల్‌కి పంపి, స్కూల్లోని యాంటీ బుల్లీయింగ్ స్పెషలిస్ట్‌కి కాపీ పెట్టండి. విచారణకి తీసుకుంటే 1 స్కూలు రోజులో మొదలుపెట్టి, 10 స్కూలు రోజుల్లో ముగించాలి. విచారణలో తేలింది స్కూల్ బోర్డుకి నివేదించిన 5 స్కూలు రోజుల్లోపు ఫలితం మీకు రాతపూర్వకంగా రావాలి. నచ్చకపోతే 60 రోజుల్లోగా బోర్డు ముందు హియరింగ్ అడగొచ్చు. ఏ పిల్లాడికి ఏ శిక్ష వేశారన్నది మాత్రం సాధారణంగా చెప్పరు, దానికోసం పట్టుబట్టి లాభం లేదు.

1964 పౌరహక్కుల చట్టం కింద ఫెడరల్ విద్యాశాఖకీ ఫిర్యాదు చేయొచ్చు. దానికి గడువు, జరిగిన రోజు నుంచి 180 రోజులు. స్కూలు తేల్చేదాకా చూద్దామనుకుంటే అది కాస్తా దాటిపోగలదు.

మరొకటి, కాస్త చేదుగా ఉంటుంది. ఇంట్లో మనం ‘నల్లోళ్ళు’ అంటూ మాట్లాడుకునేది పిల్లలు వింటూనే ఉంటారు. రేపు అలాంటి మాటే మీవాడి నోట వస్తే ఇదే ఫారంలో వాడి పేరెక్కుతుంది.

ఇక పులిహోర. మీ అంతట మీరు శాండ్‌విచ్‌కి మారిపోకండి, వాణ్నే అడగండి. తీసుకెళ్తానంటే, ‘ఇట్స్ మై లంచ్’ అని ఒక్క మాట అనేసి స్నేహితుడి పక్కకి మారిపోవడం ఇంట్లో నాలుగుసార్లు చేయించండి. ఈలోగా కడుపు మాడకుండా, బ్యాగులో అరటిపండో వేరుశనగ లేని స్నాక్ బారో విడిగా పెట్టండి.