బావమరిదితో వాదన సరే, బ్యాంకులో ఉన్న డబ్బు 23 రోజులకే

విజయవాడ సింగ్‌నగర్ నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. అందులో ముప్పావు వంతు బావమరిదితో గొడవే కాబట్టి కుదించి చెబుతాను. వయసు 38, ప్రైవేటు కాలేజీలో లెక్చరర్, చేతికొచ్చే జీతం 62,000. హోమ్‌లోన్ కిస్తీ 19,500. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు, చీటీ వాయిదా కలిపి ఇంకో 34,000. సేవింగ్స్ ఖాతాలో 41,000 ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు ఇల్లు నడుం లోతు మునిగింది, అప్పటి నుంచి వాతావరణ మార్పు గురించి చదవడం, కనబడిన వాళ్లందరితో వాదించడం మొదలైంది. ఇప్పుడు డాబా మీద 5 కిలోవాట్ల సోలార్ పెట్టించి, పెట్రోలు బండి అమ్మేసి ఎలక్ట్రిక్ స్కూటర్ కొంటారట. సోలార్‌కు 3.4 లక్షలు ఒక యాప్‌లో పర్సనల్ లోన్, 18 శాతం వడ్డీ, మూడేళ్లు. స్కూటర్‌కు 1.25 లక్షలు క్రెడిట్ కార్డు మీద, 16 శాతం, 24 కిస్తీలు.

బావమరిది మాత్రం ఇదంతా పిచ్చి అంటున్నాడు. భూమి వేడెక్కడం, చల్లబడటం ఎప్పుడూ ఉన్నదేనట, వరద వచ్చింది బుడమేరుకు గండ్లు పడి, కాలువను ఆక్రమించుకోవడం వల్లనేనట, ‘నీ స్కూటరు కూడా చివరికి మన ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు కేంద్రం వీటీపీఎస్‌లో కాలే బొగ్గుతోనే నడుస్తుంది బావా’ అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడట. మా ఇద్దరిలో ఎవరు కరెక్టో మీరు తేల్చాలి అని ఉత్తరం ముగించారు.

తేలుస్తాను. భూమి వేడెక్కుతోంది, అందులో మీ బావమరిది వాదన నిలవదు. పారిశ్రామిక యుగానికి ముందున్న సగటు కంటే 2024 దాదాపు 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పింది. గండ్ల సంగతి, ఆక్రమణల సంగతి ఆయన చెప్పింది నిజమే, వాన అసాధారణంగా పడిందన్నదీ నిజమే, రెండూ ఒకే రోజు ఒకే ఊళ్లో జరగొచ్చు. గ్రిడ్ కరెంటులో ఇప్పటికీ ఎక్కువ భాగం బొగ్గుదే, అదీ ఒప్పుకుందాం. ఇక్కడితో ఆ గొడవ వదిలేస్తున్నాను, ఎందుకంటే నాకు టెన్షన్ పుట్టించింది అది కాదు.

ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆ రోజుల్లో 11.43 లక్షల క్యూసెక్కులు పారాయని మీకు దశాంశంతో సహా గుర్తుంది. జీతం ఆగిపోతే మీ ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుందో మాత్రం ఉత్తరంలో ఎక్కడా లేదు. నేను లెక్కేశాను. మీకు నెలకు కావాల్సింది 53,500, ఉన్నది 41,000. అంటే 23 రోజులు.

వరద వచ్చినప్పుడు ఏం జరిగిందో మీరే రాశారు. ఫ్రిజ్ పోయింది, వాషింగ్ మెషీన్ పోయింది, బండి ఇంజన్ విప్పించారు, తొమ్మిది రోజులు అత్తగారింట్లో ఉన్నారు, చేతిలో డబ్బు లేక మీ ఆవిడ గాజులు తాకట్టు పెట్టి 85,000 తెచ్చారు, వాటిని విడిపించుకోవడానికి 14 నెలలు పట్టింది. ప్రభుత్వం మునిగిన కింది అంతస్తు ఇళ్లకు 25,000 ఇచ్చింది, కానీ ఆ ప్రకటన వచ్చేసరికే రెండు వారాలు దాటింది, మీకు డబ్బు కావాల్సింది నీళ్లు తీసిన మర్నాడు. ఇంత జరిగాక మీరు నేర్చుకున్నది సోలార్ పెట్టించాలనా! వరదలు ఇకపై తరచూ వస్తాయని నిజంగా నమ్మే మనిషి, అదే సింగ్‌నగర్‌లో, అదే ఇంట్లో ఉంటూ, ఖాతాలో 41,000 పెట్టుకుని 4.65 లక్షల అప్పు చేయడం ఏమిటి? వాతావరణ మార్పు అబద్ధమని కొట్టిపారేసే మీ బావమరిదికి ఆరు నెలల ఖర్చుకు సరిపడా అత్యవసర నిధి లేదంటే కనీసం అర్థం చేసుకోగలను. మీకు లేకపోవడమే నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు మీ ప్లాన్ లెక్క చూద్దాం. సోలార్ అప్పుకు కిస్తీ 12,300 దాకా వస్తుంది, స్కూటరుకు 6,100. రెండూ కలిపి 18,400. దీనివల్ల మిగిలేది ఎంత? మీ కరెంటు బిల్లు సగటున 1,350, అది మొత్తం సున్నా అయిందనుకుందాం. పెట్రోలుకు 2,200 అవుతుందన్నారు, ఛార్జింగు ఖర్చు తీసేస్తే 1,900 మిగులుతాయనుకుందాం. 3,250 మిగుల్చుకోవడానికి 18,400 కడతారు. ఇప్పుడు నెలాఖరుకు మీకు మిగులుతున్నది 8,500. ఈ ప్లానుతో ప్రతి నెలా 6,650 తక్కువ పడుతుంది, అది కూడా ఎవరికీ జ్వరం కూడా రాని నెలలో. ‘మా ఆవిడ ట్యూషన్లు చెబుతుంది, సర్దుకుంటాం’ అన్నారు. ఆవిడను అడిగారా? ఉత్తరంలో ఆవిడ మాట ఒక్కటి కూడా లేదు. బావమరిది మాటల్లో వాతావరణం పక్కన పెడితే ఒక్క వాక్యం ఉంది చూడండి, ‘మళ్లీ మా అక్క గాజులు తాకట్టుకు పోవాలా’ అని. ఉత్తరం మొత్తంలో ఆర్థిక ప్రణాళిక అనదగ్గ మాట అదొక్కటే, దాన్ని మీరు వెటకారం కింద తీసుకున్నారు.

ఇలాంటి ఉత్తరాలు నాకు ఇదివరకు కారు కోసం, పెళ్లి కోసం వచ్చేవి. ఈమధ్య పర్యావరణం పేరుతో వస్తున్నాయి. మంచి పని కోసం చేసే అప్పు మంచి అప్పే అనే భ్రమ ఒకటి జనంలో బాగా పాకింది. యాప్ వాడికి మీరు డాబా మీద పలకలు బిగించినా ఒకటే, గోవా వెళ్లొచ్చినా ఒకటే, 18 శాతం 18 శాతమే. మూడేళ్లలో వడ్డీ ఒక్కటే లక్ష దాటుతుంది. పైగా సోలార్‌కు కేంద్రం సూర్యఘర్ పథకం కింద ఇచ్చే 78,000 సబ్సిడీ వస్తుంది, దాంతో క్రెడిట్ కార్డు బాకీ కొంత తీర్చేస్తాను అని రాశారు. అది పలకలు బిగించి, తనిఖీ అయి, ఇచ్చిన కరెంటును, వాడిన కరెంటును రెండింటినీ లెక్కేసే నెట్ మీటరు పెట్టాక ఖాతాలో పడే డబ్బు. కిస్తీ మాత్రం వచ్చే నెల నుంచే మొదలు.

ఇంకో అపోహ, దీన్ని వదిలేయలేను. మళ్లీ వరద వచ్చి వీధంతా చీకటైనా మా ఇంట్లో లైట్లు వెలుగుతాయి అని రాశారు. వెలగవు. బ్యాటరీ లేని గ్రిడ్ సోలార్, లైన్‌లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా చేస్తారు. ఇది మీకు చెప్పకుండా 5 కిలోవాట్లు అంటగట్టిన ఏజెంటు మీద నాకేం గౌరవం లేదు. అసలు మీ వాడకం నెలకు 230 యూనిట్లు. ఒక కిలోవాట్ నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తుంది. 2 కిలోవాట్లు చాలు. సబ్సిడీ కూడా మొదటి 2 కిలోవాట్లకే 60,000 వస్తుంది, మూడో దానికి 18,000, ఆ పైన ఎన్ని పెట్టినా పైసా పెరగదు. మిగులు యూనిట్లు అమ్ముకుంటానంటారేమో, కరెంటు పంపిణీ సంస్థ, అంటే డిస్కం, మీకిచ్చే రేటు మీరు డిస్కంకు కట్టే రేటులా ఉండదు. అన్నట్టు పలకల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ ఎక్కడ బిగిస్తారు? కింది అంతస్తులో మీటరు పక్కనే అయితే అదీ నడుం లోతులోనే ఉంటుంది, మొదలే చెప్పి మేడ మీద పెట్టించుకోండి.

సరే, ఏం చేయాలి. మీకు కావాల్సిన నిధి ఆరు నెలలకు 3.2 లక్షలు, దాదాపు మీ సోలార్ కొటేషన్ అంత. చీటీకి ఇంకా ఏడు నెలలుంది, పాడేసి ఆ డబ్బు స్కూటరుకు కట్టే ఆలోచన మానుకోండి, చివరిదాకా ఉంటే కమీషన్ పోను 1.42 లక్షలు వస్తాయి. ఈ ఏడు నెలలూ 8,500 లోంచి 1,600 ఆరోగ్య బీమాకు తీసి, మిగతాది వేరే బ్యాంకులో వేయండి, ఆ ఖాతాకు ఫోన్‌లో యూపీఐ పెట్టుకోవద్దు. చీటీ చేతికొచ్చేసరికి అంతా కలిపి 2.3 లక్షలు అవుతుంది, తర్వాత చీటీ వాయిదా 6,000 కూడా అందులోకే మళ్లిస్తే ఇంకో ఏడు నెలల్లో నిండుతుంది. కాలేజీ ఇచ్చిన 2 లక్షల ఆరోగ్య బీమా కవరేజీ ఉద్యోగంతోపాటే పోతుంది, అందుకే సొంత పాలసీ. ఇంటికి, సామానుకు వరద కవరేజీ ఉన్న భారత్ గృహ రక్ష పాలసీ కూడా తీసుకోండి, వరద చూసిన ఇంటికి ఆ మాత్రం చెప్పనక్కర్లేదు.

సోలార్ వద్దనడం లేదు. నిధి 2.3 లక్షలకు చేరాక, అంటే ఏడు నెలల తర్వాత, 2 కిలోవాట్లకు సూర్యఘర్ పథకం కింద ప్రభుత్వ బ్యాంకులో అడగండి. 2 లక్షల లోపు తాకట్టు అడగరు, వడ్డీ మీ యాప్ వడ్డీలో సగం కూడా ఉండదు, సబ్సిడీ లోన్‌కే జమ చేసేసి మిగిలిన 80,000 చిల్లరను ఏడేళ్లకు పెట్టుకుంటే కిస్తీ 1,200 చుట్టూ తేలుతుంది, ఇప్పుడు కడుతున్న బిల్లు కంటే తక్కువ. పథకం గడువు 2026-27 ఆర్థిక సంవత్సరం దాకా ఉంది, ఈ నెలే ఆఖరు అని ఏజెంటు తొందరపెడితే పెట్టనివ్వండి. స్కూటరు మాత్రం ఇప్పుడున్న బండి కదలనని మొరాయించాక చూద్దాం.

యాప్ వాళ్లు ప్రీ అప్రూవ్డ్ అని రోజూ మెసేజులు పంపుతున్నారన్నారు. యాప్ తీసేయండి, ఇవాళే. ఇక మీ బావమరిది పోయిన వేసవిలో రెండు టన్నుల ఏసీ కిస్తీల మీద కొన్నాడని ఉత్తరంలో ఎక్కడో రాశారు. అది ఎన్ని నెలలో, ఆయన ఖాతాలో ఎన్ని రోజులకు డబ్బుందో కనుక్కుని నాకు రాయండి, ఈసారి ఆయన సంగతి చూద్దాం.