నాన్నకు బీపీ ఉంది, ఒక కన్ను మసక అంటున్నారు. అద్దాలు మారిస్తే సరిపోతుందా?

సరిపోదండీ. బీపీ 170/100 దాకా వస్తోందనీ, కుడికన్ను ఈమధ్యే మసకబారిందనీ రాశారు. అద్దాల షాపులో నంబరు మాత్రమే చూస్తారు, రెటీనాను (కంటి వెనక ఉండే, బొమ్మ పడే పొరను) చూడరు. బీపీ దెబ్బ తగిలేది రెటీనాకే. చుక్కలు వేసి కంటి వెనక భాగం చూసే డాక్టరు దగ్గరికి ఒకట్రెండు రోజుల్లో తీసుకెళ్లండి. చూపు ఉన్నట్టుండి పోతే మాత్రం గంటలు కూడా లెక్కే, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రెటీనాలో ధమని, సిర ఒకదాన్నొకటి దాటే చోట రెండింటినీ ఒకే పొర చుట్టి ఉంటుంది. ఏళ్ల తరబడి ఒత్తిడికి ధమని గోడ మందమై గట్టిపడితే, పక్కనున్న మెత్తటి సిర నలుగుతుంది. అక్కడ రక్తం గడ్డకడితే ఆ సిర పరిధిలో రక్తం, నీరు కారి, చూపుకు కీలకమైన మాక్యులా (రెటీనా మధ్యభాగం) వాస్తుంది. నొప్పి లేకుండా ఒకే కన్ను మసకబారిన బీపీ పేషెంటులో మేం ముందు అనుమానించే వాటిలో ఇదొకటి. వాపు ఎంతుందో రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్‌లో తెలుస్తుంది. ఉంటే కంట్లోకి ఇంజెక్షన్లు, మొదట్లో సాధారణంగా నెలకొకటి. ఒకటి వేయించుకుని చూపు తేరుకోగానే మానేస్తుంటారు, అది చాలా నష్టం. మందు పనిచేసేది కొన్ని వారాలే, తర్వాత వాపు తిరిగి రావచ్చు.

బీపీ వల్ల రెటీనా ఎంత దెబ్బతిందో చెప్పడానికి రిపోర్టులో గ్రేడ్ 1 నుంచి 4 వరకు ఏదో ఒకటి రాస్తారు. 1, 2లో రక్తనాళాలు సన్నబడటం, నలగడం కనిపిస్తాయి కానీ చూపు మామూలుగానే ఉంటుంది. అందుకే ‘నాకు బాగానే కనిపిస్తోంది’ అన్న మాటను నమ్ముకోకూడదు. 3లో రక్తపు చారలు, తెల్లటి మచ్చలు. 4లో కంటినరం కంట్లో మొదలయ్యే చోటే వాస్తుంది. అప్పుడు మెదడు, గుండె, కిడ్నీలు కూడా ప్రమాదంలో ఉన్నట్టే, ఆసుపత్రిలో చేర్చాలి. ఇంట్లో నాలుక కింద బిళ్ళ పెట్టి బీపీని గబగబా దించొద్దు. ఒక్కసారిగా పడిపోతే నరానికి రక్తం అందక చూపు శాశ్వతంగా పోవచ్చు.

పరీక్షకు వెళ్లే రోజు కూడా బీపీ బిళ్ళ మానొద్దు. చుక్కలు వేసేవాళ్లకు బీపీ ఉందని ముందే చెప్పండి. ఫినైలెఫ్రిన్ కలిసిన చుక్కలు కొందరిలో బీపీని పెంచుతాయి, ట్రోపికమైడ్‌తో సరిపెట్టవచ్చు. కనుపాప విచ్చుకోవడానికి 20–30 నిమిషాలు పడుతుంది, ఆ తర్వాత నాలుగైదు గంటలు దగ్గరి చూపు మసకగానే ఉంటుంది. నాన్నగారిని బండి నడపనివ్వకండి. షుగర్ కూడా చూపించండి, రెండూ కలిస్తే రెటీనా ఇంకా త్వరగా పాడవుతుంది. గ్లకోమా (కంటినరం దెబ్బతినే జబ్బు) కూడా ఉండి, బీపీ బిళ్ళ రాత్రిపూట వేసుకుంటుంటే ఆ సంగతి ఇద్దరు డాక్టర్లకూ తెలియాలి. నిద్రలో బీపీ మరీ తగ్గితే కంటినరానికి మంచిది కాదు.

కంటి తెల్లగుడ్డు మీద ఎర్రగా రక్తం మరక కనిపిస్తే చాలామంది హడలిపోతారు. నొప్పి, మసక లేకపోతే, దెబ్బ తగలకపోతే అది ఒకట్రెండు వారాల్లో దానంతటదే పోతుంది. మళ్లీమళ్లీ వస్తుంటే మాత్రం బీపీ చూపించాలి, రక్తం పలచబడే మందులు వాడుతున్నారేమో కూడా చెప్పాలి.

వారానికోసారి ఒక్కో కన్ను మూసి గోడమీది క్యాలెండర్ చదవమనండి. రెండు కళ్లూ తెరిచి చూస్తే మంచి కన్ను లోపాన్ని కప్పేస్తుంది. గళ్ల గీతలు వంకరగా కనిపించినా, ఒకచోట అంకెలు చెరిగినట్టున్నా రివ్యూ తేదీ దాకా ఆగకుండా వెళ్లండి.