జాక్ ఆడియో సర్వర్‌ను లినక్స్ నుంచి ఫ్రీబీఎస్డీకి తేవడం కష్టమా?

తేవడం పెద్ద కష్టమేమీ కాదు, నిలబెట్టడమే కష్టం. జాక్ అంటే సౌండ్ కార్డ్‌కీ మ్యూజిక్ ప్రోగ్రాములకీ మధ్య శబ్దాన్ని వీలైనంత తక్కువ ఆలస్యంతో చేరవేసే ప్రోగ్రాము, ఫ్రీబీఎస్డీ అంటే లినక్స్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్. సౌండ్ కార్డ్‌ని నడిపే అల్సా లినక్స్‌కే సొంతం కాబట్టి దాని బదులు ఫ్రీబీఎస్డీలో ఆ పని చేసే ఓఎస్ఎస్‌తో మాట్లాడే భాగం పెడతారు, ప్రోగ్రాములు ఒకదాని కోసం ఒకటి ఆగేందుకు లినక్స్ ఇచ్చే ఫ్యూటెక్స్ ఉన్నచోట పోసిక్స్ సెమాఫోర్ వాడతారు. కంపైల్ అయిపోతుంది. అంతటితో పోర్ట్ (వేరే సిస్టమ్‌కి తెచ్చే పని) అయిపోయిందనుకుంటారు చూడండి, నాకు మండేది అక్కడే.

మా తమ్ముడు వయొలిన్ వాయిస్తాడు. ఇంట్లో ఫ్రీబీఎస్డీ మెషీన్‌కి యూఎస్‌బీ సౌండ్ కార్డ్ తగిలించి, 48 కిలోహెర్ట్జ్, 128 ఫ్రేముల (శబ్దపు నమూనాల) బఫర్‌తో జాక్ నడిపాను. అంటే ప్రతి 2.67 మిల్లీసెకన్లకూ ఒక బఫర్ సిద్ధం కావాలి, ఆలస్యమైతే ఎక్స్‌రన్, అంటే శబ్దం తెగుతుంది. వాడు కల్యాణి ఎత్తుకున్నాడు. నేను పక్కన బ్రౌజర్ తెరిచానో లేదో, గమకం మధ్యలో టప్పుమని శబ్దం. బో దించేసి "అన్నయ్యా, మైకు పోయినట్టుంది" అన్నాడు. మైకుకేం కాలేదు. టెర్మినల్‌లో పైకి వెళ్లి చూస్తే, రియల్‌టైమ్ షెడ్యూలింగ్‌కి (మిగతా ప్రోగ్రాముల కంటే ముందు నడవడానికి) అనుమతి లేదని, మెమరీ లాక్ చేయడం (తన డేటా ర్యామ్‌లోంచి కదలకుండా పట్టి ఉంచడం) కుదరలేదని జాక్ మొదట్లోనే మొత్తుకుంది. యూజర్ల పరిమితులు రాసి ఉండే లాగిన్ కాన్ఫ్ ఫైల్లో మామూలు యూజర్‌కి మెమరీ లాక్ 64 కిలోబైట్లే. అది ఏ మూలకి? ఆ పరిమితి పెంచి, ఆ ఫైలు డేటాబేస్ మళ్లీ కట్టి, రియల్‌టైమ్ అనుమతి ఇచ్చే మ్యాక్ ప్రయారిటీ మాడ్యూల్ లోడ్ చేసి, వాడి అకౌంట్‌ని రియల్‌టైమ్ గ్రూపులో చేర్చి, లాగవుటై మళ్లీ వచ్చాక ఆలాపన ఎక్కడా తెగకుండా రికార్డయింది.

ఇందులో ఒక్క లైను సీ కోడ్ లేదు. అయినా పోర్ట్ అంటే నా దృష్టిలో ఇదే. ఇన్‌స్టాల్ అయ్యాక కనిపించే సందేశంలో ఈ నాలుగు ముక్కలూ రాయని మెయింటైనర్ (పోర్ట్ బాధ్యత చూసేవాడు) సగం పనే చేసినట్టు.

మిగతా సగం ఏళ్ల తరబడి ఉంటుంది. జాక్ కొత్త రూపం జాక్2 బిల్డ్ అయ్యేది వాఫ్ అనే పైథాన్ బిల్డ్ టూల్‌తో. పైథాన్ 3.12లో ఇంప్ మాడ్యూల్ తీసేశారు, దాన్ని నమ్ముకున్న పాత వాఫ్ కాస్తా ఆగిపోయింది. ఆడియోకి దానికీ ఏం సంబంధం? అయినా సర్దాల్సింది మెయింటైనరే. పైగా "సౌండ్ పగులుతోంది" అని ఒక్క ముక్క రాసి పంపేవాళ్లు. బఫర్ ఎంత, కార్డ్ ఏది, లాగ్ ఏది? అవేవీ లేకుండా ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

ఇంకో మాట. మీకు కావలసింది పాటలు వినడం, కాల్స్ మాట్లాడడమే అయితే జాక్ జోలికే వెళ్లకండి. ఓపెన్‌బీఎస్డీ అనే ఇంకో సిస్టమ్‌వాళ్లు రాసుకున్న ఎస్ఎన్‌డీఐఓ అనే సౌండ్ సర్వర్ ఫ్రీబీఎస్డీ పోర్ట్స్‌లోనూ (ఇన్‌స్టాల్ చేసుకోగల ప్రోగ్రాముల సేకరణలో) ఉంది, ముందు అది పెట్టి చూడండి.