పంచదార లేని ఖుబానీ కా మీఠా: పులుపు ఎందుకు, మీగడ ఎందుకు విరిగింది

పంచదార మానేశాక ఖర్జూరంతో చేస్తే ఖుబానీ కా మీఠా (ఖుబానీలు, అంటే ఎండు ఆప్రికాట్లు ఉడికించి చేసే హైదరాబాదీ తీపి వంటకం) పుల్లగా, పలచగా వచ్చిందనీ, మీగడ విరిగిందనీ రాశారు కదండీ. అనుమానం ముందు పండు మీదే. నారింజ రంగులో మెరిసే గింజ తీసిన ఖుబానీలు గంధకపు పొగ పట్టించినవి, సాధారణంగా పులుపెక్కువ. హైదరాబాద్ బేగంబజార్‌లో గోధుమ రంగువి, గింజతో ఉన్నవి అడగండి. కాస్త ముడతలుపడి అందవికారంగా ఉంటాయి, రుచికి మాత్రం అవే.

పావు కిలో కడిగి 600 మి.లీ. నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. ఆ నీళ్లు పారబోయకండి, పండులోని తీపి కొంత అందులోకి దిగుతుంది. గింజలు తీసి, అదే నీళ్లలో సన్న సెగ మీద మూత లేకుండా అరగంట ఉడికించండి. మూడో వంతు పండ్లు గరిటెతో మెదిపితే చిక్కదనం దానంతటదే వస్తుంది. మెత్తటి ఖర్జూరాలు ఏడెనిమిది ముద్ద చేసి చివరి ఐదు నిమిషాల్లోనే కలపండి, ముందే వేస్తే అడుగంటుతుంది. చిటికెడు ఉప్పు వేస్తే తీపి కాస్త తేలుతుంది.

గింజలు పగలగొట్టి పప్పు వేసే అలవాటుంటే ఒక్కొక్కటీ కొరికి చూడండి. చేదుగా ఉంటే పారేయాలి, వాటిలో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. బాదం వేసుకుంటే ఈ తంటా ఉండదు.

వేడి, పులుపు కలిస్తే మీగడ విరుగుతుంది. మీఠాను మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, మీగడ వడ్డించేటప్పుడే వేయండి. చల్లబడితే తీపి తగ్గినట్టనిపిస్తుంది కాబట్టి పొయ్యి మీద ఉన్నప్పుడు కాస్త ఎక్కువే ఉండనివ్వండి. షుగర్ ఉన్నవాళ్లకైతే రెండు చెంచాలు చాలు, ఖర్జూరంలోనూ చక్కెరే ఉంది.